అత్తగారి బీర విత్తనం నా చేతుల్లోనే పోయిందా?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆవిడకు యాభై దాటాయి. అత్తగారికి ఎనభై దగ్గర పడుతున్నాయి. కొల్లిపర వైపు పల్లెలో ఉన్న ఇల్లూ దొడ్డీ అమ్మేశాక అత్తగారు వీళ్ళ దగ్గరికి వచ్చేశారు. వచ్చేటప్పుడు చీరలకంటే ముందు సర్దుకున్నవి మూడు పొట్లాలు. పొట్టిగా లావుగా, ఈనెలు బాగా లేచి ఉండే నాటు బీర ఒకటి, పందిరి చిక్కుడు ఒకటి, పసుపు మీద ఆకుపచ్చ చారలుండే గుండ్రటి దోస ఒకటి. మామగారి తల్లి కాలం నుంచి ఏటేటా వేసి, ఏటేటా గింజ కట్టుకుంటూ వచ్చినవట. డాబా మీద టబ్బుల్లో, పాత డ్రమ్ముల్లో చాలా ఏళ్ళు అత్తగారే పెంచారు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక రెండేళ్ళ కిందట తోటను కోడలికి అప్పగించారు.

నిరుడు వేసవి కాపులో మంచి కాయలు చూసి ఈవిడ గింజ కట్టారు. సంక్రాంతి వెళ్ళాక వేస్తే సగం మొలవనే లేదు. మొలిచిన బీర తీగలు ఒక్కోటి ఒక్కో రకంగా కాశాయి. ఒకదాని కాయ సన్నగా, పొడుగ్గా ఉంది. ఇంకొకదానికి ఈనెలు అణిగిపోయి, రంగు వెలిసిపోయింది. దోసకాయ కోస్తే ఖర్బూజా వాసన. పప్పులో వేస్తే ముక్క నిలవకుండా కరిగిపోతోంది. చిక్కుడు ఒక్కటే ఎప్పటిలాగే ఉంది. కాయలు చూసిన అత్తగారు "నా చేతిలో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది" అని ఒక్క మాట అన్నారు. అంతే, అప్పటినుంచి తోట ఊసే ఎత్తడం లేదు. రోజూ సాయంత్రం "బీర విచ్చిందా?" అని అడిగే మనిషి ఇప్పుడు టీవీ ముందు కూర్చుంటున్నారు. భర్తేమో "ముప్పై రూపాయల ప్యాకెట్ కోసం ఇంత రాద్ధాంతమా" అంటున్నారు.

అత్తగారు మూడేళ్ళ కిందట స్వయంగా కట్టిన బీర గింజలు ఒక హార్లిక్స్ సీసాలో ముప్పై దాకా మిగిలాయి. గుంటూరు గోరంట్లలో ఉండే తోడికోడలు కూడా అంతకు ముందే ఇవే బీర, దోస గింజలు పట్టుకెళ్ళింది. కానీ ఊళ్ళో ఇల్లు అమ్మిన డబ్బు పంపకాల దగ్గర మాటా మాటా పెరిగింది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో కలిస్తే పలకరింపులు మాత్రమే. హైదరాబాదులో ఉన్న కూతురు బాల్కనీలో వేసుకుంటానని గింజలు అడుగుతోంది. విత్తనాలు దాచి పంచుకోవడం నేరమని అల్లుడు ఎక్కడో విన్నాడట.

ఆవిడ ప్రశ్నలు ఇవీ. సీసాలో గింజలు ఇప్పుడు వేసేయాలా, ఉంచుకోవాలా? తోడికోడలిని అడగాలా? లేక అలాంటివే నాటు బీర గింజలు ఎక్కడైనా కొని, "పాత పొట్లం దొరికింది అత్తయ్యగారూ" అని చెప్పేస్తే ఆవిడ మనసు కుదుటపడుతుందా? "ఇన్ని తరాలు నిలిచిన విత్తనం నా చేతుల్లో పోయిందన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు" అని ఉత్తరం ముగించారు.

సమాధానం

అమ్మా, మీ మనసులో రెండు సంగతులు కలిసిపోయి ఒకే నేరంలా కూర్చున్నాయి. గింజలు మొలవకపోవడం ఒకటి, మొలిచినవి మారిపోయి రావడం ఇంకొకటి. ఈ రెంటికీ సంబంధం లేదు. మొలవకపోవడం ఆరబెట్టడంలో, దాచడంలో వచ్చిన తేడా. అది సులువుగా సరిచేసుకోవచ్చు. మారిపోవడం మాత్రం మీరు కాయ కోయకముందే, పువ్వు దగ్గరే జరిగిపోయింది. మీ చేతికి వచ్చేసరికే ఆ గింజ వేరే గింజ.

"నిరుడు కాయ అసలు రూపంలోనే ఉంది కదా, మరి గింజ ఎలా మారింది?" అని రాశారు. చాలామంది తికమకపడేది ఇక్కడే. కాయ కండ, తొక్క, ఈనెలు అన్నీ తల్లి తీగవి. ఎక్కడి పుప్పొడి పడినా కాయ తల్లి పోలికతోనే ఊరుతుంది. లోపలి గింజలో మాత్రం సగం తండ్రిది. ఆ తండ్రి ఎవరో, మరుసటి ఏడు ఆ గింజ మొలిచి తీగై కాయ కాసేదాకా తెలియదు. నిరుడు డాబా మీద అటు చివర డ్రమ్ములో ప్యాకెట్ కొని పొడుగు బీర వేశానని మీరే రాశారు. ఆ వాక్యం మామూలుగా రాసి దాటేశారు గానీ జవాబంతా అందులోనే ఉంది. బీర తీగకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు వెళ్ళాలంటే తేనెటీగో, మరో పురుగో రావాలి. దానికి మీ డాబా మీద ఇరవై అడుగులు ఒక దూరమే కాదు. మీరు ఆ పొడుగు బీర వేయకపోయినా, పక్క డాబా మీద ఎవరైనా వేసి ఉంటే ఇదే జరిగేది. నేతిబీరతో కూడా బీరకు కలిసే చుట్టరికం ఉంది. సొరతో, కాకరతో మాత్రం కలవదు. వాటిని నిశ్చింతగా పక్కనే పెట్టుకోండి.

దోస సంగతి కూడా ఇంతే. మనం పప్పులో వేసుకునే దోస, ఖర్బూజా, చేలగట్ల మీద కాసే బుడమకాయ, ఇవన్నీ వృక్షశాస్త్రం లెక్కలో ఒకే జాతి. సలాడ్లలో తినే కీరా మాత్రం వేరే జాతి, అది వీటితో కలవదు. వంటింటి తొక్కలు వేసిన టబ్బులో ఖర్బూజా దానంతటదే మొలిచిందని, ముచ్చటపడి ఉంచేశానని రాశారు. ఈ ఏటి దోసకాయలో వాసన ఆ ముచ్చటదే. ఇందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎవరైనా ఉంచేస్తారు.

ఇక చిక్కుడు మారకపోవడానికి కారణం, దాని పువ్వు చాలావరకు తన పుప్పొడితో తానే కాయ కట్టుకుంటుంది. టమాటా, అలసంద, గోరుచిక్కుడు కూడా ఎక్కువగా ఇదే బాపతు. బెండ, వంగ, మిరప మధ్యరకం. సొంతంగా కట్టుకుంటాయి, అప్పుడప్పుడు పక్కవాటితోనూ కలుస్తాయి. అందుకే మీ ఇంట్లో ఒకే చేత్తో దాచిన మూడు విత్తనాల్లో చిక్కుడు నిలిచింది, మిగతా రెండూ మారాయి. మీ చేతిలో దోషం ఉంటే మూడూ పోయేవి.

అలాగైతే అత్తగారి హయాంలో ఎందుకు మారలేదు? ఈ ప్రశ్న మీకు తప్పకుండా వస్తుంది, ఆవిడకూ వస్తుంది. ఆ పల్లెలో ఒకరి దొడ్లోంచి ఒకరు గింజలు అడిగి తెచ్చుకునేవారు. వీధి మొత్తం పందిళ్ళ మీద పాకేది దాదాపు అదే బీర. తేనెటీగ ఎక్కడ తిరిగొచ్చినా తెచ్చేది ఆ బీర పుప్పొడే. డాబా మీదకు వచ్చిన తొలి ఏళ్ళలో చుట్టుపక్కల ఇంకెవరికీ తోటలు లేవు. ఈ మధ్యనే ప్రతి రెండో డాబా మీదా గ్రో బ్యాగులు లేచాయని, మీ వీధిలోనే నాలుగు తోటలున్నాయని మీరే అన్నారు. అంటే విత్తనాన్ని ఇన్నాళ్ళూ కాచింది ఒక మనిషి శ్రద్ధ మాత్రమే కాదు, ఒక ఊరి అలవాటు కూడా. ఆ ఊరు ఇప్పుడు చుట్టూ లేదు. కాబట్టి అప్పుడు అవసరం లేని పని ఒకటి ఇప్పుడు మీకు కొత్తగా పడుతోంది. అది ఏమిటో కింద చెబుతాను.

ముందు సీసా సంగతి. ఆ ముప్పై గింజలను "ఉంచుకోవడం" అన్నది నిజానికి ఉంచుకోవడం కాదు. బీర గింజ బాగా ఆరి, తేమ తగలకుండా ఉంటే కొన్నేళ్ళు మొలక శక్తి నిలుపుకుంటుంది గానీ, మన కృష్ణా తీరపు ఉక్కలో అలమరాలో ఉన్న సీసాలో ఏటికేడు చచ్చే గింజలు పెరుగుతూనే ఉంటాయి. భయపడి దాచిపెడితే ఇంకో రెండేళ్ళకు మీ దగ్గర మిగిలేది నల్లటి పెంకులే. అలాగని మృగశిర కార్తె రాగానే ముప్పై గింజలూ ఒకేసారి వేసేయడం కూడా ప్రమాదమే. ఒక తుఫానో, తెల్లదోమో వస్తే మొత్తం పోతుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను, నచ్చితే చేయండి. ముందు ఆరు గింజలు తీసి రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి. పొద్దున తడిపి పిండిన పాత నూలు గుడ్డలో విడివిడిగా పరిచి, చుట్టి, మూత పెట్టిన డబ్బాలో ఉంచండి. గుడ్డ చెమ్మగా ఉండాలి, నీళ్ళు కారకూడదు. నాలుగో రోజు నుంచి విప్పి చూస్తూ ఉండండి. బీర పెంకు మందం కాబట్టి వారం పైన పట్టినా కంగారు పడొద్దు. పెంకు మొన దగ్గర చీలి తెల్లటి ముక్కు బయటికొస్తే ఆ గింజను వేలితో తోయకుండా, చెమ్చాతో ఎత్తి మట్టి నింపిన పేపరు కప్పులో అరంగుళం లోతున పెట్టండి. మామూలుగా మొలక పరీక్షకు వాడిన గింజలు పారేస్తారు. ఇక్కడ ఒక్కటి కూడా పారేయక్కర్లేదు, అవే మీ మొక్కలు. ఆరింటిలో నాలుగైనా మొలిస్తే సగం గింజలు ఇప్పుడు వేసి, సగం ఫ్రిజ్‌లో పెట్టి సంక్రాంతి తర్వాత పంటకు ఉంచుకోవచ్చు. ఒకటో రెండో మొలిస్తే మాత్రం ఇక ఆగొద్దు. మిగతావన్నీ ఇప్పుడే నానబెట్టేయండి, వచ్చే ఏడుకు అవీ ఉండవు. అసలేమీ మొలవకపోతే ఆ కబురు ఇప్పుడే తెలుస్తుంది, తోడికోడలి తలుపు తట్టడానికి ఇంకా సమయం ఉంటుంది.

ఆ తలుపు గురించి. సీసా గింజలకంటే బరువైన ప్రశ్న ఇదేనని నాకు అనిపించింది. ఉత్తరంలో మూడుచోట్ల తోడికోడలి పేరెత్తారు, మూడుసార్లూ వెంటనే మాట మార్చేశారు. గింజలు అడగడానికి ఫోన్ చేస్తే పాత గొడవలు లేస్తాయేమోనని భయం. లేవొచ్చు. "ఇప్పుడు గుర్తొచ్చామా" అని ఒక మాట పడొచ్చు కూడా. ఆ ఒక్క మాట పడగలిగితే ఫోన్ చేయండి. పడలేని మనస్థితిలో ఉంటే సీసా గింజల ఫలితం తేలేదాకా ఆగండి, తప్పేమీ లేదు. చేస్తే మాత్రం మీరే చేయండి. అత్తగారి చేత చేయించొద్దు. ఆవిడ చిన్నకోడలికి ఫోన్ చేసి విత్తనం అడిగితే, పెద్దకోడలు పాడుచేసిందని చెప్పడానికి చేసినట్టే వినిపిస్తుంది, ఆవిడ ఉద్దేశం అది కాకపోయినా. మీవారి ద్వారా మరిదికి చెప్పించడం అంతకన్నా తప్పు. అన్నదమ్ముల మధ్యకు వెళితే సంభాషణ గింజల దగ్గర మొదలై పంపకాల దగ్గర తేలుతుంది. డబ్బు సంగతి ఆ ఫోన్‌లో మీరు తేవద్దు, ఆవిడ తెస్తే "అది వాళ్ళు కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాం, నేను బీర గింజల కోసం చేశాను" అనండి.

ఫోన్‌లో గింజలు ఇమ్మని అడిగే ముందు ఒక విషయం తెలుసుకోండి. ఆవిడ ఏటేటా వేస్తోందా, వేస్తే చుట్టుపక్కల వేరే బీర ఉందా, కాయ ఇప్పటికీ పొట్టిగా ఈనెలు లేచే ఉందా? వీలైతే ఫొటో పంపమనండి. గోరంట్లలో కూడా ఇళ్ళు పెరిగాయి, డాబా తోటలూ పెరిగాయి. ఆవిడ విత్తనమూ మీదాని దారే పట్టి ఉండొచ్చు. అలా అయితే కనీసం ఇద్దరూ ఒకే బాధ మీద మాట్లాడుకుంటారు. నిలిచి ఉంటే మాత్రం మీ ఇంటి విత్తనం పోలేదు, గుంటూరులో ఉంది. దోస విషయంలో మీకున్న దారి కూడా ఇదొక్కటే, ఎందుకంటే సీసాలో ఉన్నది బీర ఒక్కటే.

ఇప్పుడు డాబా మీద కాస్తున్న కలగాపులగం తీగల్లోంచే పాత బీరను వెనక్కి తెచ్చుకోలేమా అని అడిగారు. కొంతవరకు తెచ్చుకోవచ్చు. పాత పోలిక ఎక్కువగా ఉన్న తీగను ఎంచుకుని, దానికి సీసా గింజల తీగ పుప్పొడి అందిస్తూ, మూడు నాలుగు పంటల పాటు ఏరుకుంటూ పోతే దగ్గర దగ్గరగా వస్తుంది. అచ్చంగా అదే రాదు. ఓపిక, స్థలం రెండూ కావాలి. ముప్పై సీసా గింజల్లో కొన్నైనా బతికితే ఈ పాట్లు మీకు అనవసరం. కాయలు కూరకు పనికొస్తే కోసుకుని తినండి, గింజ మాత్రం కట్టొద్దు. సీసా మొక్కలు పూతకు వచ్చేలోపు ఈ తీగలు పీకేయండి.

తినే ముందు ఒక్క జాగ్రత్త. దోసకాయ కోయగానే చిన్న ముక్క నాలిక మీద పెట్టి చేదు చూడటం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. కలిసిన విత్తనంతో వచ్చిన బీర, దోస, సొర అన్నిటికీ ఆ అలవాటు పాటించండి. ఈ కుటుంబపు కాయల్లో చేదుకు కారణమయ్యే కుకుర్బిటాసిన్లు ఎక్కువైతే వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదకు వస్తుంది. వండినా ఆ చేదు విరగదు. చేదు సొరకాయ రసం తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణులు కూడా హెచ్చరించారు. కాకర చేదు వేరు, దాని సంగతి కాదు నేను చెప్పేది. ఒక తీగ కాయ చేదుగా ఉంటే కాయతో పాటు తీగనూ తీసేయండి. అత్తగారికి చేదు తెలియడం తగ్గి ఉండొచ్చు, రుచి మీరే చూడండి.

మీవారు చెప్పిన ప్యాకెట్ దారి కూడా కొట్టిపారేయాల్సింది కాదు. కాకపోతే ప్యాకెట్ మీద ఏం రాసి ఉందో చూడాలి. ఎఫ్1 హైబ్రిడ్ అని, అంటే రెండు వేరు రకాలను కలిపి తీసిన తొలి తరం సంకరమని ఉంటే ఆ మొక్క గింజలు దాచినా మరుసటి ఏడు చెల్లాచెదురుగా వస్తాయి. మీ టమాటాలు నిరుడు గుత్తులుగా కాసి ఈ ఏడు గోలీలంత, గుప్పెడంత రకరకాలుగా రావడానికి కారణం ఇదే అయి ఉంటుంది. అందులో మీ పొరపాటు ఏమీ లేదు. గింజ దాచుకోవాలనుకుంటే సూటి రకాలు, అంటే దాచిన గింజ వేసినా అదే పోలికతో వచ్చేవి అడగండి. మిరపలో గుంటూరు లాం పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్‌సీఏ 334, టమాటాలో పూసా రూబీ, బెండలో అర్క అనామిక, బీరలో జగిత్యాల లాంగ్ అలాంటివే. ఇవి వేసి, వేరే రకంతో కలవకుండా చూసుకుంటే ఏటేటా సొంత గింజే వాడుకోవచ్చు. కూరకు ఇది చాలు. మీ బాధ కూర గురించి కాదు కాబట్టే మీవారి మాట మీకు గుచ్చుకుంది. ఆయనకు విత్తనం విలువ తెలియదని అనుకోకండి, మీ దిగులు ఎంతుందో తెలియక తేలిగ్గా అని ఉంటారు. ఈ ఉత్తరంలో నాకు రాసినది ఆయనకు చెప్పారా?

కొన్న గింజలను పాత పొట్లం అని చెప్పే ఆలోచన మీకు ఎందుకు వచ్చిందో నాకు అర్థమైంది. ఆవిడ మళ్ళీ సాయంత్రం పూట పూల గురించి అడగాలి, అంతే మీకు కావలసింది. ఒక పంట వరకు అది పనిచేయొచ్చు. కానీ ఆరు దశాబ్దాలు ఆ కాయను కోసిన మనిషి, పిందె మీద ఈనె లేచే తీరు చూసే తేడా పట్టేస్తారు. పట్టేసి కూడా మిమ్మల్ని ఏమీ అనకపోవచ్చు, ఆవిడ స్వభావం చూస్తే అదే ఎక్కువ అవకాశం. అప్పుడు విత్తనంతో పాటు మీ మాట మీద నమ్మకమూ పోతుంది, పైగా పోయిందని మీకు తెలియను కూడా తెలియదు. ఆ తర్వాత కూతురికి ఇచ్చేది ఏ విత్తనమో మీకే స్పష్టంగా ఉండదు. అందుకే నేనైతే ఈ దారి పట్టను.

ఆవిడతో నిజం ఎలా చెప్పాలి? కారణం చెప్పడంలో ఒక మెలిక ఉంది. "మీ ఊళ్ళో అందరిదీ అదే బీర కాబట్టి చెడలేదు, అందులో మీ గొప్పేమీ లేదు" అన్నట్టు వినిపించకూడదు. అది నిజం కూడా కాదు. ఏ తీగ కాయ విత్తనానికి వదలాలి, ఎన్నో కాపుది వదలాలి, బలహీనంగా కాసిన తీగను ఎప్పుడు పీకేయాలి అన్నది ఆవిడ ఎంపికే. ఊరంతా ఒకే బీర ఉన్నా, మంచి కాయ ఏరకపోతే విత్తనం నీరసించేది. కాబట్టి కారణం కంటే ముందు పని అడగండి. "అత్తయ్యగారూ, పక్కన పొడుగు బీర వేశాను, దాని పుప్పొడి కలిసింది. మీరు కట్టిన సీసా గింజలు ఉన్నాయి, ఈసారి అవే వేస్తున్నాను. గింజకు ఏ కాయ వదలాలో మీరే చెప్పాలి" అంటే చాలు. ఆవిడ వెంటనే మాట్లాడకపోవచ్చు. "ఇప్పుడెందుకులే" అనొచ్చు కూడా. ఆ తడిగుడ్డ చుట్ట, కప్పులు మాత్రం డాబా మీద కాకుండా ఆవిడ కూర్చునే గది కిటికీలో పెట్టండి. మెట్లెక్కలేకపోవడం వల్ల ఆవిడకు దూరమైంది తోట మొత్తం. ఆవిడ ముభావంగా ఉండటంలో మీమీద కోపం కంటే ఆ బెంగే ఎక్కువేమో అని నా అనుమానం. మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పటి నుంచీ అదే అనిపిస్తోంది.

ఇప్పుడు మీకు కొత్తగా పడే పని. సీసా మొక్కలు పూతకు వచ్చాక, గింజ కోసం రెండు మూడు కాయలకు పుప్పొడి మీరే అందించాలి. బీర సాయంత్రం ఐదు తర్వాత విచ్చుకుంటుంది, అది మీకు అనుకూలమే. నాలుగింటికి డాబా ఎక్కి చూస్తే ఆ రోజు విచ్చబోయే మొగ్గ మొనలో పసుపు కనిపిస్తుంది. మగమొగ్గలు గుత్తిగా, సన్న కాడల మీద ఉంటాయి. ఆడమొగ్గ ఒంటరిగా, కింద చిటికెన వేలంత పిందెతో ఉంటుంది. ఒక తీగ మీద ఆడమొగ్గను, అదే విత్తనం నుంచి వచ్చిన ఇంకో తీగ మీద రెండు మగమొగ్గలను ఎంచుకుని, విచ్చుకోకముందే పల్చటి గుడ్డ సంచులు తొడగండి. చీకటి పడే వేళకు విచ్చుకుంటాయి. మగపువ్వును తెంపి, రేకలు వెనక్కి వంచి, పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు మధ్యలో ఉన్న పచ్చటి ముద్ద మీద అన్నివైపులా మెల్లగా అద్దండి. మళ్ళీ సంచి తొడిగేయండి. కాడకు ఎర్ర దారం వదులుగా కట్టండి, లేకపోతే వారం తిరిగేసరికి ఏ కాయో మీకే గుర్తుండదు, ఇంట్లో వాళ్ళు కూరకు కోసేస్తారు. రెండు మూడు రోజుల్లో పిందె ఊరితే పని జరిగినట్టు, సంచి తీసేయొచ్చు. పసుపు తిరిగి రాలిపోతే ఇంకో పువ్వుకు చేయండి. ఒక్క తీగ మీదే ఆధారపడకుండా నాలుగైదు తీగల మధ్య ఇలా ఇచ్చిపుచ్చుకుంటే విత్తనం బలంగా ఉంటుంది.

దారం కట్టిన కాయను ఇక ముట్టుకోవద్దు. తీగ మీదే ముదిరి, గోధుమరంగుకు తిరిగి, ఊపితే గలగలమనాలి. పల్లెల్లో ముదురు బీరకాయలు చూరుకు వేలాడగట్టేది ఇందుకే. అడుగు మూత ఊడితే గింజలు వాటంతటవే రాలతాయి. విత్తనకాయ ముదిరేకొద్దీ తీగ కొత్త పిందెలు తగ్గిస్తుంది కాబట్టి మొదట రెండు మూడు కోతలు కూరకు కోసుకుని ఆ తర్వాతవి వదలండి. దోస పువ్వు పొద్దున విచ్చుకుంటుంది, చేత్తో అందిస్తే నిలిచేవి తక్కువ. దానికి సులువైన ఉపాయం ఆ పంటలో ఖర్బూజాను మొలవగానే పీకేయడం.

ఆరబెట్టడం, దాచడం దగ్గరే మీ గింజలు సగం పోయాయి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం డాబా శ్లాబు మీద ఆరబోశానని రాశారు. కాలు పెట్టలేని ఆ వేడికి గింజలోని ప్రాణం ఉడికిపోతుంది. గాలి ఆడే నీడలో, పేపరు మీదో చాటలోనో వారం పది రోజులు ఆరనివ్వండి. ఎండ తగలాలనుకుంటే పొద్దుటి పూట మాత్రమే. గింజ విరిస్తే వంగకుండా టక్కున విరగాలి. ఆ తర్వాత గాలి చొరని గాజు సీసాలో పోయండి. వేయించి చల్లార్చిన బియ్యం చిన్న గుడ్డలో మూటగట్టి అందులో వేస్తే మిగిలిన తేమను పీల్చుకుంటుంది. ఇదివరకు బూడిద చేసిన పని అదే. గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. అందుకే పాలిథిన్ కవర్లో, పొయ్యి పైన అటక మీద పెట్టడం దానికి అన్నివిధాలా చేటు. సీసాను ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. బయటికి తీసినప్పుడు గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, తీస్తే లోపల చెమ్మ పడుతుంది. చిక్కుడుకు ఇంకొక బెడద పుచ్చు. రథసప్తమికి రథం కట్టడానికి కాయలు కోసేటప్పుడే మంచి గుత్తులు విత్తనానికి వదిలేసి, ఎండాక గింజలు బాగా ఆరబెట్టి, వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే లోపలి పురుగు చస్తుంది.

కూతురికి చిక్కుడు గింజలు ఇప్పుడే పంపండి. అవి స్వచ్ఛంగా ఉన్నాయి. బీర మాత్రం ఎర్ర దారం కట్టిన కాయ చేతికొచ్చాకే. అల్లుడి భయానికి ఆధారం లేదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001 ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే. మీ బీర, చిక్కుడు ఏ కంపెనీవీ కావు. పైగా విత్తనం ఒక్క ఇంట్లోనే ఉండటం మంచిది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉండటం మీరు చూసే ఉంటారు. దొరికిన గింజల్లో ఒక వాటా హైదరాబాదుకు, ఒక వాటా గోరంట్లకు చేరేలా చూడండి. గోరంట్ల వాటా పంపేటప్పుడు మీవారి చేత కాకుండా మీరే పట్టుకెళ్ళండి.